కాచిన పాల రంగు చెక్క

గిటార్లు బాగుచేసే చెవి మేస్త్రి దగ్గర్నుంచి ఫోను వచ్చేసరికి నా నోట్లో బ్రష్షు ఉంది, మా ఆయన ఒక కాలికే సాక్సు వేసుకుని ఉన్నాడు. "చెక్క దొరికింది" అన్నాడు మేస్త్రి. మామూలుగా అయితే ఇద్దరం చేతులు పట్టుకుని గిరగిరా తిరిగేవాళ్ళం. కానీ ఆ తిరగడమే కదా మా కొంప ముంచింది. అందుకని నేను నురగ మింగేశాను, ఆయన రెండో సాక్సు వెతుక్కున్నాడు.

పాత డాన్స్ హాలు ఒకటి కూలగొడుతున్నారట. అందులో ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని పియానో ఉందట. పియానో వెనక నిలువెత్తు పలక ఒకటి ఉంటుంది, తీగల చప్పుడుని పెద్దది చేసేది అదే. ఆ చెక్కా, మేం పాడుచేసిన గిటారు పైపలకా ఒకే జాతి. వయసు కూడా దగ్గర దగ్గర. "మధ్యాహ్నం లోపల వెళ్ళండి. తర్వాత అదంతా బేకరీ పొయ్యిలోకి పోతుంది. నేను పనిమీద బయటికి వెళ్తున్నా. సాయంత్రం ఐదింటికి షాపుకి తెండి" అని పెట్టేశాడు.

మాకు పెళ్ళై ఆ రోజుకి నలభై మూడు రోజులు. నేనింకా లెక్కపెడుతూనే ఉన్నాను, ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పలేదు. ఈ ఇంట్లో చెప్పుల స్టాండులో నాకంటూ ఒక అర వచ్చింది. బయటికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ దాన్ని చూసి మురిసిపోతుంటాను. మా ఆయన నన్ను ఇప్పటికీ "పెళ్ళికూతురా" అనే పిలుస్తాడు. అలాంటి రోజుల్లో మా చేతిలో అత్తయ్య గిటారుకి చిల్లు పడింది.

అత్తయ్య కళ్ళజోళ్ళ షాపులో నలభై ఏళ్ళుగా పనిచేస్తోంది. గుమ్మంలో నిలబడి, గదిలో మంచం మీదున్న కళ్ళజోడు అద్దానికి గీత పడిందని చెప్పగలదు. పంతొమ్మిదో ఏట మొదటి జీతంతో ఆ గిటారు కొనుక్కుందట. అప్పటికే అది ఆవిడ కంటే పెద్దది. మావయ్య దాన్ని "నా సవతి" అంటాడు. మగవాళ్ళకి సవతేమిటి మావయ్యా అంటే, "కొత్తదానివి, నీకేం తెలుసు" అంటాడు.

ఆడపడుచుకి బాబు పుడితే ఇద్దరూ మూడు వారాల కోసం వెళ్ళారు. వెళ్తూ అత్తయ్య గిటారు పెట్టె నా ముందు పెట్టి, "నా కొడుకుని నీకు ఇచ్చేశాను. దీన్ని ఇవ్వడం లేదు, చూసుకోమంటున్నాను. తేడా తెలుస్తోందిగా?" అంది. తెలుస్తోందన్నాను. రోజూ బయటికి తీసి మెత్తటి గుడ్డతో తుడవమంది. ఈ ఇంట్లో నాకు మొదటిసారి అప్పజెప్పిన పని అది. ఎంత గర్వంగా తుడిచానో.

పోయిన బుధవారం కూడా తుడిచి కుర్చీలో పెట్టాను. పక్కన ఉతికిన దుప్పట్లు మడతపెడుతున్నాం. రేడియోలో ఏదో పాట. మా ఆయన నన్ను ఎత్తుకుని తిప్పాడు. నా కాలు ఇస్త్రీ బల్లకి తగిలింది. బల్ల ఒరిగి, దాని ఇనుప మూల సరిగ్గా గిటారు మీద పడింది. ఆరు తీగలూ ఒక్కసారి మోగాయి. వాటి అడుగున, చిన్న పుల్ల విరిచినంత చప్పుడు. పెద్ద చప్పుడై ఉంటే ఇంత భయపడేదాన్ని కాదేమో.

చిల్లు అరచేతిలో పట్టేంత. మేస్త్రిని చెవి మేస్త్రి అనడానికి కారణం, ఏ చెక్క ఇచ్చినా ముందు చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొడతాడు. మా గిటారుని కూడా కొట్టి విన్నాడు. చలి కొండల మీద మెల్లగా పెరిగే చెట్టు చెక్క ఇది, బొటనవేలి వెడల్పులో పద్దెనిమిది గీతలున్నాయి, గీతకి గీత కలిసే ముక్క కావాలన్నాడు. కొత్త చెక్క పచ్చిపాలలా ఉంటుందట, ఇదేమో కాచిన పాల రంగు. రంగు వెయ్యకూడదా అని మా ఆయన అడిగితే, మేస్త్రి ఆయన నెత్తి వైపు చూసి, "జుట్టుకి వేస్తే తెలియట్లేదా?" అన్నాడు. మా ఆయన జుట్టుకి రంగు వెయ్యడు. వేస్తాడేమోనని ఆ రాత్రి నేను దగ్గర్నుంచి పరీక్షగా చూశాను.

మేస్త్రి పల్చటి కాగితం మీద ఆ గీతల్ని పెన్సిలుతో దింపి ఇచ్చాడు. వారం రోజులు ఆ కాగితం నా పర్సులో మా పెళ్ళి ఫొటో పక్కనే ఉంది. పాత సామాన్ల షాపుల్లో బీరువాల మీద పెట్టి చూశాను. డాక్టరు గది తలుపు మీద పెట్టి చూస్తుంటే నర్సు వచ్చి ఏం కావాలంది. ఎక్కడా కలవలేదు.

రోజూ ఏడింటికి అత్తయ్య ఫోను. "సవతి ఎలా ఉంది?" అని వెనక నుంచి మావయ్య గొంతు. "బాగుందమ్మా" అని మా ఆయన కళ్ళు మూసుకుని చెప్పేవాడు. సోమవారం నాడు ఆవిడ, "ఒక్కసారి మీటరా, విని చాలా రోజులైంది" అంది. గిటారు మేస్త్రి షాపులో ఉంది. మా ఆయన తేలు కుట్టిన దొంగలా నా వైపు చూసి, తీగ తెగిందన్నాడు. ఏ తీగ అంది. అన్నిటికంటే లావుది అన్నాడు. "లావు తీగ తెగడం నేను నలభై ఏళ్ళలో చూడలేదు" అని మాత్రం అని, మాట మార్చేసింది. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించడం లేదు.

వాళ్ళు వచ్చేది ఆదివారం. ముక్క అతికాక ఆరడానికి, పైన మెరుగు పట్టడానికి, తీగలు బిగించడానికి మూడు రోజులకి ఒక్క పూట తక్కువైనా కుదరదని మేస్త్రి ముందే చెప్పాడు. ఈ రోజు బుధవారం.

డాన్స్ హాలుకి వెళ్ళేసరికి పియానో లేదు. గోడ మీద అది ఉన్న చోటు మాత్రం లేత రంగులో మిగిలి ఉంది. పెరట్లో బేకరీ వాళ్ళ తోపుడుబండి సగం నిండింది. పనివాళ్ళు గునపాలతో మిగిలింది చీలుస్తున్నారు. పెద్ద పలక నాలుగు ముక్కలై, మూడు బండి అడుగున ఎక్కడో పోయాయి. నాలుగోది, తలుపులో సగమంత ఉంటుంది, ఒకతను కాలు వేసి విరవబోతున్నాడు. నాకేం తోచలేదు. వెళ్ళి దాని మీద కూర్చున్నాను.

అతను గునపం దించి, "లేమ్మా, ఇక్కడ కూర్చోకూడదు" అన్నాడు. పర్సులోంచి కాగితం తీసి చెక్క మీద పెట్టాను. దుమ్ములో గీతలు సరిగా కనిపించలేదు. వేలు తడి చేసి రుద్దాను. ఒకటి, రెండు, మూడు. పద్దెనిమిది. మళ్ళీ లెక్కపెట్టాను. మా ఆయన ఎవరితో ఏం మాట్లాడాడో, ఎంత ఇచ్చాడో చూడనే లేదు. తిరిగొచ్చి, "ఇక లే పెళ్ళికూతురా, మనదే" అన్నాడు. బస్సులో దాన్ని మా ఇద్దరి ఒళ్ళోనూ అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాం. ఎదురు సీటు ముసలాయన, కొత్త కాపురమా, తలుపు కూడా మీరే తెచ్చుకోవాలా అని అడిగాడు. వారం తర్వాత మొదటిసారి నవ్వాను.

తర్వాత జరిగిందానికి ఆ నవ్వే కారణం. మా ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయాడు. నేనూ, చెక్కా మిగిలాం. పాత మెరుగు నల్లగా పొలుసులు లేచి ఉంది. అత్తయ్య గిటారులోకి వెళ్ళే చెక్క ఇంత మురికిగానా అనిపించింది. కిటికీకి రంగు వేద్దామని తెచ్చిన గరుకు కాగితం ఇంట్లో ఉంది. ఒక మూల రుద్ది చూశాను. అడుగున కడిగిన బియ్యంలాంటి చెక్క. ఇక ఆగలేదు. మూడు గంటలు కూర్చుని, పాటలు పాడుకుంటూ, మొత్తం ఆ వైపంతా రుద్దాను. చెయ్యి పెడితే పట్టుబట్టలా జారింది. పెళ్ళి బహుమతుల మీద విప్పిన రంగు కాగితాలు దాచుకున్నాను కదా, వాటిలో గులాబీల కాగితం చూసి చుట్టాను. సాయంత్రం మా ఆయన వచ్చి, కొసన విప్పి చూసి, "అబ్బ, కొత్తదానిలా ఉందే" అన్నాడు. ఇద్దరం డిగ్రీలు చదివాం. ఆ మాటలో ఏముందో ఇద్దరికీ తట్టలేదు.

మేస్త్రి షాపు ఒక్క గది. గోడల నిండా మెడలు లేని గిటార్లు, గిటార్లు లేని మెడలు. స్టవ్వు మీద నీళ్ళ గిన్నెలో చిన్న డబ్బా, అందులో జిగురు కరుగుతోంది. మా గిటారు బల్ల మీద పడుకుని ఉంది. చిల్లు అంచులు రెండు వైపులా ఒకేలా ఉండేట్టు శుభ్రంగా కోసి, లోపల విరిగిన బద్ద కూడా అతికేసి ఉంచాడు. ముక్క కోసమే ఆగింది.

గులాబీల కాగితం విప్పాడు. చెక్కని చూశాడు. చెవి దగ్గరికి తీసుకెళ్ళబోయి మధ్యలో ఆపి, కిటికీ వైపు తిప్పాడు. వేలితో రాసి, వేలు చూసుకున్నాడు.

"ఇది ఎవరు తోమారు?" అన్నాడు.

నేనే అన్నాను. నా గొంతులో ఇంకా కొంచెం గర్వం మిగిలే ఉంది, అదే ఇప్పటికీ నాకు సిగ్గు.

"కుక్క పని గాడిద చేస్తే ఏమవుతుందో తెలుసా అమ్మాయ్? నేను అడిగింది చెక్కని కాదు. చెక్క మీద ఎండా గాలీ కలిసి ఇన్నేళ్ళు పట్టించిన రంగుని. అది గోటి మందం కూడా ఉండదు. నువ్వు దాన్ని తీసి చీపురుతో ఊడ్చేశావు."

అతను గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేది. వంటింటి గట్టు పక్కన పొడిగా కుప్ప చేసి, చేటలోకి ఎత్తి పారబోసిన లేత గోధుమరంగు దుమ్ము నా కళ్ళ ముందు మెదిలింది. పచ్చిపాలు. మూడు గంటలు కూర్చుని కాచిన పాలని పచ్చిపాలు చేశాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

మేస్త్రి కాసేపటికి పలకని తిరగేశాడు. వెనక వైపు ఎవరూ ముట్టలేదు. రంగు ఉంది. కానీ అడ్డంగా లేత చారలు, జీబ్రా మీద ఉన్నట్టు. పియానోలో పలక వెనక అడ్డబద్దలు అతికి ఉంటాయట. బద్దల కింద గాలి తగలని చోటంతా తెల్లగా మిగిలిపోయింది. చారకీ చారకీ మధ్య జాగా ఒకేలా లేదు, నాలుగు వేళ్ళకి కాస్త అటూ ఇటూ. చిల్లు పొడవు నాలుగు వేళ్ళూ ఇంకొంచెం.

చిల్లు ఆకారంలో కత్తిరించిన అట్టముక్క తీసి మొదటి జాగాలో పెట్టాడు. చార మీదికి వెళ్ళింది. రెండో దాంట్లో సన్నటి బీట. మూడో దాంట్లో గునపం దెబ్బ. నాలుగో దాంట్లో పెట్టి, అటు జరిపి, ఇటు జరిపి, ఊపిరి బిగబట్టి వంగాడు. రెండు పక్కలా బియ్యపు గింజంత మిగిలింది. ఆ పలక మొత్తం మీద పనికొచ్చేది ఆ ఒక్క చోటే.

సన్న రంపంతో కోస్తుంటే మేం గోడకి అతుక్కుని నిలబడ్డాం. అంచులు ఆకురాయితో కొంచెం కొంచెం తీస్తూ, చిల్లులో పెట్టి చూస్తూ, మళ్ళీ తీస్తూ గంట పట్టింది. ఆఖరికి వేలితో నొక్కితే టక్కుమని కూర్చుంది. ఇంకా జిగురు పెట్టలేదు. గీతకి గీత కలిసింది. రంగు కలిసింది. ఎక్కడ చిల్లు పడిందో నాకే తెలియలేదు, చిల్లు పెట్టినదాన్ని నేను. మా ఆయన చప్పట్లు కొట్టబోయి మానుకున్నాడు.

మేస్త్రి మాత్రం నవ్వలేదు. గిటారుని జాగ్రత్తగా ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, వాయించే మనిషిలా తల వంచి చూశాడు. తర్వాత నన్ను పిలిచి కూర్చోబెట్టి, నా ఒళ్ళో పెట్టాడు. పైనుంచి చూస్తే ఆ ముక్క ఒక్కటే తడిసినట్టు నల్లగా కనిపించింది. కొంచెం వంచితే మాయమైంది. మళ్ళీ వంచితే వచ్చింది.

చెట్టులో పీచు వాలు ఉంటుందట, అతను చెప్పాడు. వేరే చెట్టుది కాబట్టి దీని వాలు వేరు, వెలుగు వేరేగా పడుతుంది. ముక్కని తలకిందులుగా తిప్పి పెడితే వాయించేవాళ్ళకి కనిపించదు, ఎదురుగా కూర్చున్నవాళ్ళకి కనిపిస్తుంది. తిప్పి చూపించాడు కూడా. నిజమే. "ముందు వైపు రంగు ఉండి ఉంటే నాలుగు చోట్ల వెతికి వాలు కూడా కలిసేది చూసేవాణ్ణి. ఇప్పుడు ఉన్నది ఇదొక్కటే. ఎవరికి కనపడాలో మీరే చెప్పండి. జిగురు వేడిగా ఉంది. ఇప్పుడు పెట్టకపోతే ఆదివారానికి అందదు" అన్నాడు.

మా ఆయన వెంటనే, అమ్మకి కనపడకుండా పెట్టమన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది, వారం రోజులుగా అబద్ధం చెబుతున్నది ఆయనే. కానీ ఎదురుగా కూర్చునేది ఎవరు? మావయ్య. రోజూ సాయంత్రం ఆ సవతి మొహం చూస్తూ ముప్ఫై ఐదేళ్ళు కూర్చున్న మనిషి. చూసి ఊరుకుంటాడా? ఊరుకున్నా, ఆవిడ ఒకరోజు అద్దం ముందు వాయించదా? రెండో విధంగా పెడితే ప్రతి రోజూ ఆవిడ ఒళ్ళోనే, ఆవిడ కళ్ళ కిందే ఆ మచ్చ. ఎటు పెట్టినా దొరికిపోతాం, అది కాదు నా భయం. ఆవిడ గిటారుని ఆవిడ ఎలా చూడాలో మేం నిర్ణయించి అతికేస్తున్నాం. చూసుకోమని ఇచ్చిందే తప్ప, ఇవ్వలేదు. తేడా తెలుస్తోందని నేనే అన్నాను.

గడియారం చూశాను. ఏడుకి పది నిమిషాలు. మా ఆయన జేబులోంచి ఫోను తీసుకున్నాను. "ఏం చేస్తున్నావ్?" అన్నాడు. అప్పటికే మోగుతోంది.

"అత్తయ్యా, నేను. గిటారు పైపలకకి చిల్లు పడింది. నా వల్లే" అన్నాను. ఎక్కడైనా ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని మొత్తం చెప్పేశాను. ఇస్త్రీ బల్ల దాకా వచ్చాక, కాలు ఎందుకు గాల్లో ఉందని ఆవిడ అడిగింది. చెప్పాను. మా ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మేస్త్రి పైకప్పులో బూజు ఉందేమోనని శ్రద్ధగా వెతికాడు. గరుకు కాగితం సంగతి, చారల సంగతి, వెలుగు సంగతి అన్నీ చెప్పి, "ఎటు పెట్టాలో మీరు చెప్పాలి" అన్నాను.

అవతల పసిబిడ్డ ఏడుపు, తలుపు వేసిన చప్పుడు, ఏడుపు దూరమవడం. జిగురు డబ్బా గిన్నెకి తగిలి టకటకలాడుతోంది. ఫోను తెగిపోయిందేమోనని చూశాను. తెగలేదు.

"లావు తీగ తెగిందన్నది ఎవరి తెలివి?" అంది చివరికి.

"మీ అబ్బాయిది."

"వాళ్ళ నాన్నకీ రాదు అబద్ధం. ఆ వంశంలోనే లేదు." ఆవిడ గొంతు నవ్వుతోందో లేదో తెలియలేదు. "మీ గొంతులు విని, మీరిద్దరూ పోట్లాడుకుని మాట్లాడుకోవడం లేదేమో అనుకున్నాను. రెండు రాత్రులు నిద్రపోలేదు నేను. ఫోను మేస్త్రికి ఇవ్వు."

మేస్త్రి చేతులు తుడుచుకుని అందుకున్నాడు. అవతలి మాటలు మాకు వినపడలేదు. లోపలి బద్దలు ఎన్ని విరిగాయో, ఆవిడ చిటికెన వేలు ఆనించే చోట అరిగిన గుంట మిగిలిందో లేదో అడిగినట్టుంది. ఒకటే విరిగిందనీ, గుంట అలాగే ఉందనీ చెప్పాడు. ఆ మాట చెప్పాక కాసేపు ఊరికే వింటూ నిలబడ్డాడు. "అలాగేనమ్మా, తాకను" అని, నన్ను ఒకసారి చూసి, "ఆ, ఎదురుగానే ఉంది" అని ఫోను నాకు తిరిగిచ్చాడు. ఇచ్చి, వెళ్ళి జిగురు కింద స్టవ్వు ఆపేశాడు.

ఫోను చెవికి పెట్టుకున్నాను. మా ఆయన కూడా చెవి ఆనించాడు.

"నీ మీద కోపం ఉంది. అది ఫోన్లో సరిగ్గా రాదు, వచ్చాక పడతాను" అంది అత్తయ్య. "ఆదివారం దాకా ఆగను. రేపు పొద్దున్న మొదటి బస్సుకి నేనూ మీ మావయ్యా బయలుదేరుతున్నాం. ఇంటికి కాదు, సరాసరి ఆ షాపుకే వస్తాం. పదింటికల్లా నువ్వక్కడ ఉండు. గిటారు నేను ఒళ్ళో పెట్టుకుంటాను, మీ మావయ్య ఎదురుగా కూర్చుంటాడు, నువ్వు ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి పెట్టు. అప్పుడు చెప్తాను ఎటు అతకాలో. వాణ్ణి సెలవు పెట్టమను. వచ్చేటప్పుడు ఆ గీతల కాగితం కూడా తీసుకురా, నీ లెక్క సరిగ్గా ఉందో లేదో నేను చూడాలి."